ఇంటి గింజల పట్టీ: తీపికి ఎంత, అతుక్కోవడానికి ఎంత?

బడికి వెళ్ళే పిల్లల సంచుల్లో బిస్కెట్ పొట్లాల స్థానాన్ని ఇప్పుడు గ్రనోలా బార్లు ఆక్రమిస్తున్నాయి. ఓట్స్, బాదం, తేనె బొమ్మలతో మెరిసే ఆ పొట్లాన్ని చూసి తల్లి మనసు నిశ్చింతగా ఉంటుంది. 'చాక్లెట్ కాదు కదా, గింజలే కదా' అనుకుంటుంది. మధుమేహం ఉన్న తాతగారికి సాయంత్రం టీతో పాటు అదే పట్టీని చేతికిచ్చే ఇళ్ళు కూడా ఉన్నాయి. మరికొందరు గృహిణులు కొనడం మాని ఇంట్లోనే చేసుకుంటున్నారు. ఇది ఎంతో మెచ్చుకోదగిన విషయం. అయితే ఇంట్లో చేసినంత మాత్రాన ఏ పదార్థమూ ఆరోగ్యకరం కాబోదు. అరకిలో బెల్లం పోసి చేసిన పట్టీ మన పొయ్యి మీద ఉడికినా, కర్మాగారంలో ఉడికినా శరీరానికి ఒక్కటే.

గ్రనోలా పట్టీ మంచిదా కాదా అన్నది అందులోని గింజలను బట్టి తేలదు. ఆ గింజలను ఒకదానితో ఒకటి అతికించే జిగురును బట్టి తేలుతుంది. ఆ జిగురే తీపి. దాన్ని ఎంత తగ్గించవచ్చు, తగ్గించినప్పుడు పట్టీ విరిగిపోకుండా ఏం చేయాలి, చివరికి ఒక్కో ముక్కలో ఎంత తీపి మిగిలింది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం తెలిసిన ఇంట్లో ఈ పట్టీ నిజంగా మేలు చేస్తుంది.

పేరు కొత్తది, వంట పాతది

గ్రనోలా పుట్టింది అమెరికాలో. 1863లో న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ అనే ఊళ్ళో ఆరోగ్య నిలయం నడిపిన జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు పొట్టు తీయని గోధుమ పిండిని రొట్టెగా కాల్చి, ముక్కలు చేసి, మళ్ళీ కాల్చి ఒక పలుకుల ఆహారం తయారు చేశాడు. దానికి 'గ్రాన్యులా' అని పేరు పెట్టాడు. అది ఎంత గట్టిగా ఉండేదంటే, రాత్రంతా నానబెడితే తప్ప నమలడం సాధ్యమయ్యేది కాదు. తర్వాత మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో జాన్ హార్వీ కెలాగ్ అనే వైద్యుడు అలాంటి ఆహారాన్నే తయారు చేశాడు. పేరు విషయంలో వివాదం రావడంతో ఒక అక్షరం మార్చి 'గ్రనోలా' అన్నాడు. అప్పట్లో అది రోగులకు పెట్టే పథ్యమే గాని మిఠాయి కాదు. 1960ల తర్వాత ఓట్స్, తేనె, నూనె, గింజలతో అది కొత్త రూపం ధరించింది. 1970లలో పట్టీలుగా మారి అంగళ్ళకు చేరింది. పలుకులు పట్టీగా నిలవాలంటే పాకం కావాలి. అలా పథ్యంలోకి తీపి ప్రవేశించింది.

వేయించిన ధాన్యాన్ని వెంట తీసుకుపోయే అలవాటు అమెరికా కంటే ఎంతో పురాతనమైనది. సీరత్ గ్రంథాలు చదివినవారికి 'సవీఖ్' అన్న పదం పరిచితమే. వేయించిన యవలను లేదా గోధుమలను విసిరిన పిండి అది. అరబ్బు బాటసారులు దాన్ని సంచుల్లో పోసుకుని, దారిలో నీటితోనో, నెయ్యితోనో, ఖర్జూరంతోనో కలుపుకుని తినేవారు. హిజ్రీ 2వ సంవత్సరంలో, అప్పటికి ఇస్లాం స్వీకరించని అబూ సుఫ్యాన్ నాయకత్వంలో ఖురైష్ దళం ఒకటి మదీనా శివార్లపై దాడి చేసి, ముస్లిములు తరుముతుండగా వెనుదిరిగింది. బరువు తగ్గించుకోవడానికి ఆ దళం తన సవీఖ్ సంచులను దారి పొడవునా పారవేసింది. అందుకే ఆ ఘటనకు 'గజ్వతుస్సవీఖ్' అన్న పేరు స్థిరపడింది. ఒక దళం దూర ప్రయాణానికి ఆధారమైన ఆహారం వేయించిన ధాన్యమే అన్నది ఇక్కడ మనం గమనించదగిన విషయం.

మన తెలుగు నేల మీద కూడా పల్లీ పట్టీ, వేరుశనగ అచ్చు, నువ్వుల ఉండ, పేలాల ఉండ తరతరాలుగా ఉన్నవే. వీటిలో బలమూ ఉంది, తీపీ ఉంది. సంప్రదాయ పల్లీ పట్టీలో పల్లీలు ఎంతో బెల్లం ఇంచుమించు అంతే ఉంటుంది. పొలంలో రోజంతా పనిచేసే మనిషి దాన్ని తట్టుకున్నాడు. గదిలో కూర్చుని చదువుకునే బిడ్డకూ, దుకాణంలో కూర్చునే తండ్రికీ అదే లెక్క సరిపోదు.

పొట్లం వెనుక వైపు చదవండి

ఇంట్లో చేసే ముందు, కొంటున్నది ఏమిటో తెలుసుకోవడం అవసరం. పొట్లం ముందు వైపు బొమ్మలుంటాయి, వెనుక వైపు వాస్తవాలుంటాయి. మన దేశంలో ఆహార పొట్లాలపై దినుసుల పేర్లను బరువు ప్రకారం ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ముద్రించాలన్నది నిబంధన. కనుక మొదటి మూడు పేర్లు చూస్తే చాలు, ఆ పట్టీ స్వభావం తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తీపి ఒకే పేరుతో రాదు. చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె, మాల్టోడెక్స్‌ట్రిన్ అని విడివిడిగా రాస్తే ఒక్కొక్కటీ వరుసలో కిందికి జారుతుంది. అన్నింటినీ కలిపి చూస్తే ఓట్స్ కంటే అవే ఎక్కువ కావచ్చు. అందుకే దినుసుల వరుసతో పాటు పోషకాల పట్టికలో 'మొత్తం చక్కెరలు' అన్న అంకెను కూడా చూడాలి. అది తరచుగా 100 గ్రాములకు రాసి ఉంటుంది. పట్టీ బరువు 40 గ్రాములైతే ఆ అంకెను 0.4తో గుణించాలి. వచ్చినదాన్ని 4తో భాగిస్తే మీ బిడ్డ ఎన్ని చెంచాల చక్కెర తింటున్నాడో ఇంచుమించుగా తెలుస్తుంది.

ధర విషయంలో కూడా ఇలాంటి లెక్కే వేయవచ్చు. 40 గ్రాముల పట్టీ వెలను 25తో గుణించండి. అది కిలో వెల. ఆ వెలను మీ వీధి చివరి కిరాణా కొట్టులో కిలో బాదం వెలతో, కిలో పల్లీల వెలతో పోల్చి చూడండి. ఆ డబ్బుకు ఏం కొంటున్నామో మరొకరు చెప్పనవసరం ఉండదు.

ముస్లిం గృహాలకు మరొక పరిశీలన కూడా తప్పదు. మెత్తదనం కోసం వేసే జెలటిన్ జంతువుల నుండి వస్తుంది. గ్లిసరిన్ మొక్కల నూనె నుండి గాని, జంతువుల కొవ్వు నుండి గాని రావచ్చు. పొట్లంపై ఉండే ఆకుపచ్చ గుర్తు మాంస సంబంధమైన పదార్థాలు లేవని తెలియజేస్తుంది. కాని సువాసన ద్రవ్యాలను ఏ ద్రావకంలో కరిగించారో అది చెప్పదు. విదేశాల నుండి బంధువులు తెచ్చే పొట్లాలపై ఆ ఆకుపచ్చ గుర్తు కూడా ఉండకపోవచ్చు. ఇంట్లో చేసుకున్న పట్టీ విషయంలో ఈ సందేహాలేవీ ఉండవు. ప్రతి దినుసూ మన చేతిమీదుగానే పడుతుంది.

తీపి చేసే రెండు పనులు

పాకంలో తీపి రెండు పనులు చేస్తుంది. నాలుకకు రుచినిస్తుంది, గింజలను అతికిస్తుంది. చాలామంది మొదటి పనిని మాత్రమే గుర్తిస్తారు. 'కొంచెం తీపి తక్కువైనా ఫరవాలేదు' అని బెల్లం సగానికి తగ్గిస్తారు. పళ్ళెంలో పట్టీ పొడిపొడిగా రాలిపోతుంది. మరుసటిసారి మళ్ళీ పాత కొలతకే వెళ్తారు. ఇది వారి నేర్పులోని లోపం కాదు. జిగురు తగ్గించినప్పుడు దాని స్థానంలో మరొక జిగురు ఉండాలన్నది ఎవరూ చెప్పకపోవడమే కారణం.

బెల్లం పాకం మరిగేకొద్దీ అందులోని నీరు ఆవిరై చిక్కబడుతుంది. ఒక చుక్కను చల్లని నీటిలో వేస్తే మెత్తని ఉండగా చేరే దశ ఉండపాకం. అప్పుడు పాకం వేడి సుమారు 112 నుండి 116 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఇంకా మరిగి 146 డిగ్రీలు దాటితే నీటిలో వేసిన చుక్క గాజులా పటుక్కున విరుగుతుంది. పల్లీ పట్టీకి కావలసింది ఆ ముదురు పాకం. పాకం ఎంత ముదిరినా అందులోని తీపి తగ్గదు, తగ్గేది నీరే. మన గ్రనోలా పట్టీకి ఉండపాకం సరిపోతుంది, ఎందుకంటే అతికించే భారమంతా బెల్లం మీదే వేయడం లేదు.

ఆ భారాన్ని నాలుగింటికి పంచాలి. మొదటిది ఖర్జూరం ముద్ద. అందులోని పీచు, పండు గుజ్జు గింజల మధ్య ఖాళీలను నింపుతాయి. రెండవది పల్లీల ముద్ద. వేయించిన పల్లీలను నూనె వదిలేదాకా రుబ్బితే వచ్చే చిక్కని ముద్ద, తీపి లేకుండానే అతికిస్తుంది. మూడవది ఒత్తిడి. వేడిగా ఉన్నప్పుడు గట్టిగా అదిమితే పలుకులు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. నాలుగవది చల్లదనం. పూర్తిగా చల్లారకముందు కోస్తే ఎంత బెల్లం పోసినా ముక్క విరిగిపోతుంది. ఈ నాలుగూ తోడైతే బెల్లం కొద్దిగా ఉంటే చాలు.

బెల్లమూ చక్కెరే

'మేము చక్కెర వాడం, బెల్లమే వాడతాం' అని గర్వంగా చెప్పే కుటుంబాలున్నాయి. బెల్లంలో ఖనిజ లవణాలు కొంత ఉన్నమాట నిజమే. కాని దాని బరువులో అత్యధిక భాగం చక్కెరే. మధుమేహం ఉన్నవారి రక్తంలో చక్కెరను అది కూడా పెంచుతుంది. తేనె విషయం కూడా అంతే. తేనెకు మన దృష్టిలో ఎంతో గౌరవముంది, అది సముచితమే. కాని గౌరవించడం వేరు, గిన్నెలకొద్దీ పోయడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు, ఆహారానికి మనం చేర్చే చక్కెరతో పాటు తేనెనూ, సిరప్‌లనూ, పండ్ల రసాలనూ ఒకే లెక్కలో చేర్చాయి. రోజు మొత్తం శక్తిలో ఇవి 10 శాతానికి మించకూడదని, 5 శాతం లోపు ఉంటే మరింత మేలని ఆ సంస్థ సూచించింది. రోజుకు 1500 కేలరీలు అవసరమయ్యే బిడ్డకు 10 శాతమంటే సుమారు 37 గ్రాములు, 5 శాతమంటే సుమారు 18 గ్రాములు. రెండు చెంచాల చక్కెర వేసిన ఒక గ్లాసు పాలలోనే 8 నుండి 10 గ్రాములు వెళ్ళిపోతాయి.

ఖర్జూరంలో కూడా చక్కెర తక్కువేమీ కాదు. ఎండిన ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరలే. అయితే దానితోపాటు 100 గ్రాములకు 8 గ్రాముల వరకు పీచు కూడా వస్తుంది. బెల్లంలో ఆ పీచు లేదు. మెత్తగా రుబ్బిన ఖర్జూరం, నమిలి తినే ఖర్జూరం కంటే సులభంగా ఒంటికి పడుతుంది కనుక దాన్ని కూడా లెక్కలో కలుపుకోవడమే జాగ్రత్త.

కావలసిన దినుసులు

ఈ కొలతలతో 30 గ్రాముల చొప్పున 20 పట్టీలు వస్తాయి.

ఓట్స్ (పెద్ద రేకులుగా ఉన్నవి): 150 గ్రాములు
పల్లీలు: 100 గ్రాములు
తెల్ల నువ్వులు: 40 గ్రాములు
గుమ్మడి గింజల పప్పు: 40 గ్రాములు
గింజ తీసిన మెత్తని ఖర్జూరం: 200 గ్రాములు
బెల్లం తురుము: 60 గ్రాములు
నెయ్యి: 1 పెద్ద చెంచా
ఏలకుల పొడి: అర చిన్న చెంచా
ఉప్పు: రెండు చిటికెలు

ఇంట్లో త్రాసు లేనివారు చింతించనక్కర లేదు. బరువు ముద్రించి ఉన్న పొట్లాన్ని ఒక గిన్నెతో కొలిచి చూడండి. 500 గ్రాముల ఓట్స్ ఆ గిన్నెకు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కించి, 150 గ్రాములకు ఎన్ని గిన్నెలు పడతాయో ఒకసారి రాసి పెట్టుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది. ప్రతి దినుసుకూ విడిగా ఇలా కొలుచుకోవాలి, ఎందుకంటే గిన్నెడు ఓట్స్ బరువు, గిన్నెడు పల్లీల బరువు ఒకటి కాదు.

రంజాన్ తర్వాత చాలా ఇళ్ళలో ఖర్జూరాలు మిగిలిపోతాయి. గల్ఫ్ దేశాల నుండి వచ్చిన బంధువులు తెచ్చిన డబ్బాలు అలమరలో గట్టిపడుతుంటాయి. అలాంటివాటిని ఈ పట్టీలకు వాడుకోవచ్చు. గట్టిపడినవైతే నానబెట్టే సమయం పెంచాలి. పురుగు పట్టినవి, పులిసిన వాసన వచ్చేవి వాడరాదు.

పల్లీల ఎంపికలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. అనంతపురం వంటి వేరుశనగ పండించే ప్రాంతాల రైతులకు ఇది బాగా తెలుసు. తేమ తగిలిన కాయలకు బూజు పడుతుంది. ఆ బూజులో ఒక రకం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. అందుకే ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, చేదు తగిలినవి ఏరి పారవేయాలి. వాటిని పొదుపు పేరుతో వాడడం తగదు.

తయారు చేసే విధానం

1. పల్లీలను మందపాటి మూకుడులో సన్నని సెగ మీద 10 నుండి 12 నిమిషాలు వేయించాలి. చల్లారాక పొట్టు తీసి రెండు సమాన భాగాలు చేయాలి. ఒక భాగాన్ని పలుకులుగా దంచాలి. రెండవ భాగాన్ని మిక్సీ చిన్న గిన్నెలో వేసి, మధ్యమధ్య ఆపి అంచులు గీకుతూ, నూనె వదిలి ముద్ద అయ్యేదాకా తిప్పాలి. నీరు పోయరాదు.

2. అదే మూకుడులో నూనె లేకుండా ఓట్స్‌ను 7, 8 నిమిషాలు కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. తర్వాత గుమ్మడి గింజలు ఉబ్బేదాకా, చివరగా నువ్వులు చిటపటలాడేదాకా వేయించాలి. నువ్వులు త్వరగా మాడతాయి కనుక వేటికవి విడిగా వేయించడం ముఖ్యం. వీటన్నింటినీ, దంచిన పల్లీలను ఒక వెడల్పాటి పాత్రలో కలిపి ఉంచాలి.

3. ఖర్జూరాలను తరిగి, పావు కప్పు వేడి నీటిలో 15 నిమిషాలు నాననిచ్చి, ఆ నీటితో సహా మెత్తగా మెదపాలి. గింజ ఒక్కటి కూడా మిగలకుండా చేతితో తడిమి చూడాలి.

4. బెల్లం తురుములో మూడు పెద్ద చెంచాల నీరు పోసి కరిగించాలి. ఇసుక, నలకలు ఉంటాయి కనుక తప్పకుండా వడగట్టాలి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, నెయ్యి వేసి ఉండపాకం వచ్చేదాకా మరగనివ్వాలి. వెంటనే సెగ తగ్గించి ఖర్జూరం ముద్ద వేసి, గిన్నె అంచులను వదిలేదాకా నాలుగైదు నిమిషాలు కలపాలి. ఉప్పు, ఏలకుల పొడి, పల్లీల ముద్ద చేర్చి పొయ్యి ఆర్పాలి.

5. వేడి తగ్గకముందే వేయించిన దినుసులన్నీ అందులో పోసి, గట్టి గరిటెతో పొడి ఎక్కడా మిగలకుండా కలపాలి. ఈ దశలో పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వకూడదు. పాకం కాలితే మరిగిన నీటి కంటే తీవ్రంగా కాలుతుంది, చర్మానికి అంటుకుని వదలదు.

6. 20 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవు ఉన్న పళ్ళేనికి నెయ్యి రాసి మిశ్రమాన్ని పరవాలి. అడుగు చదునుగా ఉన్న గిన్నెకు కూడా నెయ్యి రాసి, దానితో మూలలు సహా గట్టిగా అదమాలి. అరగంట తర్వాత కత్తితో గాట్లు పెట్టాలి. 10 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు చొప్పున కోస్తే సరిగ్గా 20 ముక్కలు వస్తాయి. రెండు గంటలు పూర్తిగా చల్లారాక, లేదా ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచాక విడదీయాలి.

ఇంట్లో ఓవెన్ ఉండి, కరకరలాడే పట్టీ కావాలనుకునేవారు అదిమిన తర్వాత 150 డిగ్రీల వేడిలో 12 నుండి 15 నిమిషాలు కాల్చవచ్చు. ఓవెన్ లేకపోవడం లోపమేమీ కాదు.

తడి తగలని మూత గట్టి డబ్బాలో వారం రోజులు నిల్వ ఉంటాయి. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో ఉంచడం మంచిది. పాత నూనె వాసన వస్తే తినకూడదు.

ఒక్కో పట్టీ లెక్క

ఈ కొలతల ప్రకారం 30 గ్రాముల పట్టీలో సుమారు 125 కేలరీల శక్తి, మూడు గ్రాములకు పైగా మాంసకృత్తులు, రెండు గ్రాముల పైచిలుకు పీచు ఉంటాయి. చక్కెరలు సుమారు 9 గ్రాములు. అందులో బెల్లం నుండి వచ్చేది రెండున్నర గ్రాములే, తక్కినది ఖర్జూరానిది. అదే బరువున్న సంప్రదాయ పల్లీ పట్టీలో బెల్లం 15 గ్రాముల వరకు ఉంటుంది, అంటే 12, 13 గ్రాముల చక్కెర. తేడా పెద్దగా లేదని కొందరికి అనిపించవచ్చు. కాని పల్లీ పట్టీలో ఆ చక్కెరంతా బెల్లానిదే. ఇక్కడ ఎక్కువ భాగం పీచుతో కూడిన పండుది.

ఈ అంకెలు మరొక సత్యాన్ని కూడా తెలియజేస్తున్నాయి. తీపి తగ్గినా గింజల్లో నూనె సహజంగా ఎక్కువ కనుక పట్టీ తేలికపాటి ఆహారం కాబోదు. మూడు పట్టీలు తింటే ఒక పూట భోజనంలో గణనీయమైన భాగం తిన్నట్లే. మా మదరసాలో అసర్ నమాజు తర్వాత పిల్లలకు ఇలాంటి పట్టీలు ఇస్తుంటాం. ముక్కను పెద్దదిగా కోసి 'సగమే తినండి' అని చెబితే ఏ బిడ్డా వినడు. చిన్నదిగా కోసి ఒకటి చేతికిస్తే సంతోషంగా తిని ఆటకు పరుగెత్తుతాడు. మితాన్ని నోటితో బోధించడం కంటే కత్తితో కోసేటప్పుడే నిర్ణయించడం సులభమని అనుభవం చెబుతోంది.

పట్టీ కుదరనప్పుడు

ముక్కలు రాలిపోతుంటే బెల్లం పెంచాలన్న ఆలోచన ముందుగా రాకూడదు. మిశ్రమాన్ని తిరిగి మూకుడులో వేసి, రెండు చెంచాల వేడి నీటిలో మెదిపిన మూడు నాలుగు ఖర్జూరాలు కలిపి, వేడిచేసి మళ్ళీ అదమండి. అప్పటికీ నిలవకపోతే పొడిగానే డబ్బాలో పోసి ఉంచండి, పెరుగులోనో పాలలోనో కలుపుకుని తినవచ్చు. అసలు గ్రనోలా తొలి రూపం అదే కదా. ఏ పరిస్థితిలోనూ వృథా చేయరాదు.

పట్టీ రాయిలా గట్టిపడితే పాకం ముదిరిందని అర్థం. మరుసటిసారి కాస్త ముందే దించాలి. చేతికి అంటుకుంటుంటే ఖర్జూరం ముద్దలో నీరు మిగిలిందని అర్థం. మరో రెండు నిమిషాలు పొయ్యి మీద కలపాలి.

ఓట్స్ లేకపోతే

ఓట్స్‌లో బీటా గ్లూకన్ అనే కరిగే పీచు ఉంది. రోజుకు 3 గ్రాముల మేర అది లభిస్తే రక్తంలో కొలెస్టరాల్ కొంత తగ్గుతుందని తేలింది. అది ఓట్స్ ప్రత్యేకత. అయినా ఓట్స్ దొరకని పల్లెలో ఈ పట్టీ ఆగిపోనక్కర లేదు. మందపాటి అటుకులను కరకరలాడేలా వేయించి, చేతితో కొద్దిగా నలిపి అదే కొలతలో వేయవచ్చు. జొన్న పేలాలు ఇష్టపడేవారు అటుకుల్లో మూడో వంతు తగ్గించి ఆ మేరకు పేలాలు కలపవచ్చు. పేలాలు తేలిక కనుక గిన్నె నిండుగా కనిపిస్తాయి. కొలతను కంటితో గాక బరువుతోనే నిర్ణయించాలి. గుమ్మడి గింజల బదులు పుచ్చ గింజల పప్పు, పొద్దుతిరుగుడు గింజల పప్పు, వేయించిన పుట్నాల పప్పు ఏదైనా సరిపోతుంది. పుట్నాలు అన్నింటికంటే చవక, మాంసకృత్తులు కూడా బాగా ఉంటాయి. బాదం, పిస్తా ఉంటేనే పట్టీ అన్న భ్రమ అవసరం లేదు.

ఎవరికి ఎలా

ఏడాది నిండని శిశువులకు తేనె కలిసిన ఏ పదార్థమూ పెట్టరాదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు వారి లేత పేగుల్లో మొలకెత్తి ప్రాణాపాయం కలిగించవచ్చు. మన పట్టీలో తేనె లేదు. అయినా అయిదేళ్ళలోపు పిల్లలకు పలుకులున్న పట్టీని ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. వారి కోసం దినుసులన్నీ మెత్తగా పొడి చేసి, మెత్తని చిన్న ఉండలుగా చేసి, కూర్చోబెట్టి ఎదుట ఉండి తినిపించాలి.

పల్లీలు, నువ్వులు కొందరి శరీరానికి సరిపడవు. తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఇతరుల పిల్లలకు పంచేటప్పుడు ఇందులో ఏమేమి ఉన్నాయో చెప్పి ఇవ్వడం మన బాధ్యత.

మధుమేహం ఉన్న పెద్దలకు ఇది మందు కాదు, మినహాయింపు కూడా కాదు. బెల్లం పూర్తిగా మానివేసి, ఖర్జూరం 120 గ్రాములకు తగ్గించి, పల్లీల ముద్దను రెట్టింపు చేసి వారి కోసం వేరుగా చేయవచ్చు. అది మెత్తగా ఉంటుంది కనుక ఫ్రిజ్‌లోనే ఉంచాలి. అప్పటికీ సగం ముక్కతో ఆరంభించి, తిన్న రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర పరీక్షించుకుని, వైద్యుని సలహా మేరకే కొనసాగించాలి. 'ఇంట్లో చేసిందే, ఏమీ కాదు' అని ప్రేమతో బలవంతం చేయడం వారికి మేలు చేసినట్లు కాదు.

రోజా పాటించేవారు సహరీలో భోజనంతోపాటు ఒక పట్టీ తినవచ్చు. పీచు, నూనె ఉన్న ఆహారం నెమ్మదిగా జీర్ణమవుతుంది. అయితే భోజనానికి బదులుగా పట్టీ ఒక్కటే తిని నిద్రపోవడం సరికాదు. నీరు కూడా తగినంత తాగాలి.

చివరగా గృహిణులకూ, గృహ యజమానులకూ ఒక మనవి. ఈ పట్టీని మొదటిసారి చేసేటప్పుడు ఒక కాగితం మీద దినుసుల బరువులు, వచ్చిన ముక్కల సంఖ్య, ఒక్కో ముక్కలో పడిన బెల్లం రాసి డబ్బా మూతకు అతికించండి. రెండవసారి బెల్లం 10 గ్రాములు తగ్గించి చేయండి. ఇంట్లో ఎవరికీ తేడా తెలియకపోతే మూడవసారి మరో 10 గ్రాములు తగ్గించండి. నాలుక అలవాటుకు లోబడుతుంది, కాస్త సమయమిస్తే తక్కువ తీపిని కూడా రుచిగానే భావిస్తుంది. పిల్లలకు చదవడం వచ్చి ఉంటే ఆ కాగితాన్ని వారి చేతనే రాయించండి. తాము తినేదానిలో ఏముందో లెక్కించగలిగిన బిడ్డ, రేపు అంగడిలో పొట్లం కొనేటప్పుడు ముందు వైపు బొమ్మను చూసి ఆగిపోడు, తిప్పి వెనుక వైపు చదువుతాడు.